17 ఓమ్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయి? వానాకాలంలో మొండికేసిన ఐటీఓ ఫిల్మ్ కేసు

ముందే చెప్పేస్తున్నా, ఇందులో మొదటి మూడు వారాలు మేం తప్పు నాబ్ తిప్పుతూ కూర్చున్నాం, దాన్ని దాచకుండా రాస్తున్నా, ఎందుకంటే ఆ తప్పు ఈ ఫీల్డ్‌లో ఉన్న ప్రతివాళ్ళూ ఒకసారైనా చేస్తారు.

మాది చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో చిన్న కోటింగ్ షాపు. గాజు మీద ఐటీఓ, అంటే ఇండియం టిన్ ఆక్సైడ్ అనే కరెంటు పోనిచ్చే పారదర్శక పొర, స్పట్టరింగ్‌తో వేస్తాం, అంటే గాలి తీసేసిన చాంబర్‌లో ఆర్గాన్ ప్లాస్మాలోని అయాన్లతో టార్గెట్ అనే పలకని కొట్టి, రాలిన పదార్థం గాజు మీద పేరుకునేలా చేస్తాం. ఈ కేసులో ప్రోడక్ట్ హీటర్ గ్లాస్, బయట పెట్టే డిస్‌ప్లేల ముందు ఆవిరి పట్టకుండా కరెంటుతో కొంచెం వేడెక్కే గాజు. సోడా లైమ్ గ్లాస్, దానిమీద సోడియం పైకి రాకుండా పల్చటి సిలికా పొర, ఆ పైన 200 నానోమీటర్ల ఐటీఓ. షీట్ రెసిస్టెన్స్, అంటే పొరలో ఒక చదరం ముక్క కరెంటుకి ఇచ్చే నిరోధం, 10 ఓమ్స్ పర్ స్క్వేర్ రావాలి, 12 దాటితే కస్టమర్ తీసుకోడు. మా చాంబర్‌లో హీటర్ పాతది, 180 డిగ్రీలు దాటిస్తే గాజు అంతటా ఒకే వేడి రాదు, అందుకని 180 దగ్గరే వేస్తాం. ఈ 180 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సెప్టెంబర్ దాకా 10, 10.3, ఎప్పుడైనా 10.6, అంతే. అక్టోబర్ మూడో వారంలో వానలు దిగాయి, అదే వారం 13 వచ్చింది, తర్వాత 15, ఆ తర్వాత వరసగా మూడు బ్యాచ్‌లు 17. రెసిపీ షీట్‌లో ఒక్క అంకె కూడా మారలేదు.

మామూలుగా చూడాల్సినవి చూశాం. షీట్ రెసిస్టెన్స్ కొలిచే ఫోర్ పాయింట్ ప్రోబ్ తప్పు చూపిస్తోందేమో అని పాత మంచి ప్యానెల్ ఒకటి పెట్టి చూస్తే 10.1 వచ్చింది, కాబట్టి ప్రోబ్ బాగుంది. ఫిల్మ్ పల్చబడిందేమో అని స్టైలస్‌తో మెట్టు కొలిస్తే 198 నానోమీటర్లు. టార్గెట్ అదే టార్గెట్, 90 శాతం ఇండియం ఆక్సైడ్, 10 శాతం టిన్ ఆక్సైడ్ బరువు లెక్కన. ఆక్సిజన్ ఫ్లో కంట్రోలర్ సరిగ్గా ఇస్తోంది. అంటే మందం అదే, మెటీరియల్ అదే, కానీ రెసిస్టివిటీ (మందంతో సంబంధం లేని, పదార్థం సొంత నిరోధం) 2.0 × 10⁻⁴ ఓమ్-సెంటీమీటర్ నుంచి 3.4 × 10⁻⁴కి ఎక్కింది.

ఇక్కడే మేం తప్పులో కాలేశాం. ఐటీఓలో రెసిస్టెన్స్ పెరిగితే ఎవడైనా మొదట ఆక్సిజన్ నాబ్ మీదే చెయ్యేస్తాడు. దానికి కారణం లేకపోలేదు. ఫిల్మ్‌లో ఆక్సిజన్ పరమాణువు ఉండాల్సిన చోట ఖాళీ పడితే ఆ ఖాళీ రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది, ఇండియం చోట టిన్ కూర్చుంటే అది ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఖాళీలు పూడిపోతాయి, పైగా మిగిలిన ఆక్సిజన్ టిన్ పక్కన చేరి దాని ఎలక్ట్రాన్‌ని కట్టిపడేస్తుంది, అందుకని రెసిస్టెన్స్ పెరుగుతుంది. మరీ తక్కువైతే ఫిల్మ్ నల్లబడి చెడుతుంది. ఈ రెండిటి మధ్య ఒక లోయ లాంటి చోటుంటుంది, అందరూ అక్కడ నడుపుతారు. కాబట్టి మా లెక్క ఏందంటే, ఎక్కణ్ణుంచో ఆక్సిజన్ ఎక్కువ వస్తోంది, తగ్గిద్దాం.

60 ఎస్‌సీసీఎం (గ్యాస్ ఫ్లో కొలత, నిమిషానికి ఇన్ని ఘన సెంటీమీటర్లని) ఆర్గాన్‌కి 1.2 ఆక్సిజన్ ఇచ్చేవాళ్ళం, దాన్ని 1.0 చేశాం, తర్వాత 0.8. రెసిస్టెన్స్ 17 నుంచి 17.9 అయింది. మా ఆపరేటర్ సూళ్ళూరుపేట నుంచి రోజూ ట్రైన్‌లో వచ్చే మనిషి, పదకొండేళ్ళుగా ఈ మెషీన్ మీదే ఉన్నాడు, ప్యానెల్ వెలుతురుకి పట్టి చూసి "ఏందన్నా ఇది, గాజు డికాషన్ రంగు తిరిగిందే" అన్నాడు. నిజమే, బ్రౌన్ షేడ్ వచ్చేసింది. అంటే ఆక్సిజన్ నిజంగానే తక్కువైంది, అయినా రెసిస్టెన్స్ దిగలేదు. ఆ సాయంత్రమే ఆగి ఆలోచించి ఉండాల్సింది, కానీ డెలివరీ ఒత్తిడి, ఇంకో వారం 0.9, 1.1, 1.4 అంటూ అటూ ఇటూ తిప్పాం. ఎక్కడ పెట్టినా 16కి కిందకి రాలేదు. లోయ మొత్తం పైకి లేచిపోయింది, మేమేమో ఇంకా దాని అడుగు కోసం వెతుక్కుంటున్నాం.

దారి చూపించింది మా క్వాలిటీలో చేసే చిత్తూరమ్మాయి. మేం స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 400 నుంచి 700 నానోమీటర్ల దాకానే ట్రాన్స్‌మిషన్ కొలుస్తాం, కస్టమర్ అడిగేది అంతే కాబట్టి. ఆ అమ్మాయి ఎందుకో 2500 దాకా స్కాన్ పెట్టింది, "సార్, మంచి ప్యానెల్‌కీ చెడ్డ ప్యానెల్‌కీ ఇన్‌ఫ్రారెడ్‌లో కింద పడే చోటు ఒకటే ఉంది చూడండి, పడే తీరు మాత్రం తేడాగా ఉంది" అని రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టింది.

ఐటీఓ కంటికి పారదర్శకంగా ఉంటుంది గానీ ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక హద్దు దాటాక లోహం లాగా వెనక్కి కొడుతుంది. ఆ హద్దు ఎక్కడ పడుతుందనేది ఎలక్ట్రాన్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. సెంటీమీటర్ క్యూబ్‌కి 8 × 10²⁰ ఎలక్ట్రాన్లుంటే సుమారు 1400 నానోమీటర్ల దగ్గర వస్తుంది, ఎలక్ట్రాన్లు తగ్గితే ఇంకా పెద్ద తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. మాది జరగలేదు. అక్కడే ఉంది, కాకపోతే నిటారుగా దిగాల్సిన గీత ఏటవాలుగా జారుతోంది. అంటే ఎలక్ట్రాన్లు ఉన్నన్నీ ఉన్నాయి, నడవలేక తన్నుకుంటున్నాయి. మూడు వారాలు మేం చేసింది ఎలక్ట్రాన్ల సంఖ్య పెంచే ప్రయత్నం!

ఇక హాల్ మెజర్‌మెంట్ చేయించక తప్పలేదు, ఎలక్ట్రాన్లు ఎన్నున్నాయో, అవి ఎంత తేలిగ్గా నడుస్తున్నాయో (దీన్నే మొబిలిటీ అంటాం) విడివిడిగా చెప్పే కొలత అది. మా దగ్గర ఆ సెటప్ లేదు, ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కి సెంటీమీటర్ ముక్కలు నాలుగు కోసి పంపాం. ఇట్లాంటివి బయట చేయించడం ఇప్పుడు పెద్ద కష్టమేం కాదు, బెంగళూరు ఐఐఎస్సీ నానో సెంటర్ లాంటి చోట్ల కూడా బయటవాళ్ళు ఫీజు కట్టి కొలిపించుకోవచ్చు, మనవాళ్ళే బద్ధకిస్తారు. రిజల్ట్ ఇలా వచ్చింది. మంచి ఫిల్మ్‌లో ఎలక్ట్రాన్లు 8.0 × 10²⁰, మొబిలిటీ 39. చెడ్డ ఫిల్మ్‌లో 7.8 × 10²⁰, మొబిలిటీ 23.6. ఆక్సిజన్ తగ్గించి డికాషన్ చేసిన ఫిల్మ్‌లో 9.2 × 10²⁰, మొబిలిటీ 19. చూడండి, ఆక్సిజన్ తగ్గించినప్పుడు మేం అనుకున్నట్టే ఎలక్ట్రాన్లు పెరిగాయి, కానీ పెరిగిన ఖాళీలే దారికి అడ్డం పడి మొబిలిటీని ఇంకా తినేశాయి, ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ప్రోబ్ మీద మాత్రం 17, 17.9 అని ఏమీ తెలీనట్టు కనిపించింది. షీట్ రెసిస్టెన్స్ ఒక్కటే చూస్తే ఈ రెండు ఫిల్ములూ అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపల రోగాలు వేరు.

సరే, మొబిలిటీ ఎందుకు పడింది? ఎక్స్-రే డిఫ్రాక్షన్ (క్రిస్టల్ అమరిక చూసే పరీక్ష) చేయిస్తే మంచి ఫిల్మ్‌లో 30.6 డిగ్రీల దగ్గర ఇండియం ఆక్సైడ్ మెయిన్ పీక్ సన్నగా ఎత్తుగా ఉంది, చెడ్డదాంట్లో అదే పీక్ పొట్టిగా వెడల్పుగా, కింద ఒక గుట్ట లాంటిది. గుట్ట అంటే అమార్ఫస్ భాగం, క్రిస్టల్ లాగా వరసగా పేర్చుకోకుండా చిందరవందరగా ఉన్న భాగం. ఫిల్మ్ పూర్తిగా క్రిస్టల్ అవ్వలేదు, పూర్తిగా అమార్ఫస్ గానూ లేదు, నానోమీటర్ల సైజు క్రిస్టల్ ముక్కలు అమార్ఫస్ ముద్దలో చల్లినట్టుంది, ఉప్మాలో జీడిపప్పు లాగా. ఐటీఓకి ఇదే అన్నిటికన్నా చెడ్డ స్థితి. పూర్తి అమార్ఫస్ అయినా మొబిలిటీ పర్లేదు, పూర్తి క్రిస్టల్ అయినా బాగుంటుంది, సగం సగం అయితే ప్రతి హద్దు దగ్గరా ఎలక్ట్రాన్ తడబడుతుంది. లెక్క వేస్తే ఎలక్ట్రాన్ గుద్దుకోకుండా నడిచే దూరం 7 నానోమీటర్ల నుంచి 4 చిల్లరకి పడింది. మామూలు క్రిస్టల్ ఐటీఓలో గ్రెయిన్లు, అంటే ఒక్కో క్రిస్టల్ ముక్క, దానికన్నా చాలా పెద్దగా ఉంటాయి కాబట్టి గ్రెయిన్ హద్దులు పెద్దగా అడ్డం రావు, కానీ ఇక్కడ హద్దులే నానోమీటర్ల దూరంలో ఉన్నాయి.

కండక్టివ్ ఏఎఫ్ఎమ్ బొమ్మ కూడా ఒకటి తీయించాం, చిన్న సూదితో ఉపరితలం మీద గీకుతూ ఎక్కడెక్కడ కరెంటు పోతోందో మ్యాప్ ఇస్తుంది. మంచి ఫిల్మ్ ఇంచుమించు ఒకే రంగు, చెడ్డది మచ్చలు మచ్చలు. ఆ బొమ్మ మీటింగులో చూపించడానికి బాగుంది, నిజానికి కేసు తేల్చింది మాత్రం హాల్, ఎక్స్-రే.

అమార్ఫస్ ఐటీఓ 150, 160 డిగ్రీల దగ్గర క్రిస్టల్ అవ్వడం మొదలెడుతుంది. మేం వేసేది 180లో. అంటే అంచు మీద నడుస్తున్నాం, ఎవరైనా కొంచెం తోస్తే పడిపోతాం. మమ్మల్ని తోసింది నీళ్ళు.

స్పట్టరింగ్ జరిగేటప్పుడు చాంబర్‌లో నీటి ఆవిరి ఉంటే దాంట్లోని హైడ్రోజన్ ఫిల్మ్‌లో చేరి క్రిస్టల్ గింజలు పుట్టకుండా అడ్డుకుంటుంది. ఈ సంగతి కొత్తదేం కాదు, కొంతమంది కావాలనే నీళ్ళు వదిలి ముందు అమార్ఫస్ ఫిల్మ్ వేసుకుంటారు, తేలిగ్గా ఎచ్ అవుతుందని, అంటే అక్కర్లేని చోట యాసిడ్‌తో కరిగించొచ్చని. 2007లో జపాన్‌లో కోయిదా బృందం అయితే హైడ్రోజన్ కలిపిన ఇండియం ఆక్సైడ్ వేసి తర్వాత వేడిచేసి క్రిస్టల్ చేస్తే మొబిలిటీ 100 దాటుతుందని చూపించింది. అంటే నీళ్ళు విలన్ అనికూడా అనలేం, మా రెసిపీకి మాత్రం విలనే. పైగా హైడ్రోజన్ కూడా ఎలక్ట్రాన్ ఇస్తుంది. టిన్ సరిగ్గా పని చెయ్యాలంటే క్రిస్టల్‌లో ఇండియం స్థానంలో కూర్చోవాలి, అమార్ఫస్ భాగంలో అది చాలావరకు సోమరిగా ఉంటుంది. అసలు మంచి ఫిల్మ్‌లో కూడా టిన్ మొత్తం పని చెయ్యదు: 10 శాతం టిన్ ఆక్సైడ్ అంటే సెంటీమీటర్ క్యూబ్‌కి సుమారు 2.9 × 10²¹ టిన్ పరమాణువులు, మాకొచ్చే ఎలక్ట్రాన్లు 8 × 10²⁰, నాలుగో వంతు పైచిలుకు. 1982లోనే ఫ్రాంక్, కోస్ట్లిన్ ఇద్దరూ టిన్, అదనపు ఆక్సిజన్ కలిసి జట్టు కట్టి తటస్థంగా మారిపోతాయని వివరించారు. ఇండియం ఆక్సైడ్ క్రిస్టల్‌లో పుట్టుకతోనే ఆక్సిజన్ పట్టే ఖాళీ గదులు కొన్ని ఉంటాయి, అదనపు ఆక్సిజన్ వాటిల్లో దూరుతుంది. సో నా రీడింగ్ ఏంటంటే, చెడ్డ ఫిల్మ్‌లో టిన్ ఇచ్చేది తగ్గింది, ఆ లోటుని హైడ్రోజన్ పూడ్చింది, మొత్తం 7.8 దగ్గర తేలి ఏమీ మారనట్టు కనిపించింది. అచ్చం నెలాఖరున అప్పు తెచ్చి బ్యాలెన్స్ సరిచేసిన ఖాతా లాగా.

మరి నీళ్ళు ఎక్కణ్ణుంచి? మా బేస్ ప్రెషర్ (గ్యాస్ వదిలే ముందు చాంబర్‌ని పంపుతో దించాల్సిన ప్రెషర్) రూల్ 5 × 10⁻⁶ మిల్లీబార్, అది రాకుండా ఎప్పుడూ ప్లాస్మా వెయ్యలేదు. నేను ఆపరేటర్ని కొంచెం గట్టిగానే అడిగాను, అతనికి కోపం వచ్చి లాగ్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పడేశాడు. "ప్రతి రన్నుకీ రాసుండా చూడన్నా, ఐదు రాకుండా ఏనాడన్నా మొదలెట్టానా" అని. నిజమే, ప్రతి రన్‌కీ ఐదే ఉంది. కానీ ఆ పక్క కాలమ్‌లో పంప్ డౌన్ టైమ్, అంటే ఆ ప్రెషర్‌కి దిగడానికి పట్టిన సమయం, ఉంది. సెప్టెంబర్‌లో గంటా పావు, అక్టోబర్ చివర్లో రెండు గంటల నలభై నిమిషాలు. సాక్ష్యం మూడు వారాలుగా మా బుక్‌లోనే ఉంది, అతని చేతిరాతతో, చదివినవాడు లేడు. అతనికి సారీ చెప్పాను, టీ కూడా నేనే తెప్పించాను.

లీక్ అయితే కాదు. గేట్ వాల్వ్ మూసి ప్రెషర్ ఎట్టా పెరుగుతుందో చూస్తే తెలిసిపోతుంది, లీక్ ఉంటే గీత తిన్నగా ఎక్కుతూనే ఉంటుంది, గోడల్నుంచి ఆవిరి ఊరుతుంటే మొదట ఎక్కి మెల్లగా వంగుతుంది. మాది వంగింది. కూలింగ్ వాటర్ లైన్ కూడా ఖాళీ చేసి మళ్ళీ చూశాం, తేడా లేదు.

అసలు దొంగ షీల్డులు. చాంబర్ లోపల గోడలకి పట్టకుండా పెట్టే స్టీల్ రేకులు, వాటిమీద మూడు నెలల ఐటీఓ పెచ్చులు కట్టి ఉంది. ఆ పెచ్చు స్పాంజి లాంటిది. బ్యాచ్ మార్చేటప్పుడు చాంబర్‌ని మామూలు గది గాలితోనే వెంట్ చేసేవాళ్ళం, అంటే ఆ గాలి నింపి తెరిచేవాళ్ళం, తలుపు నలభై నిమిషాలు తీసి ఉండేది, అక్టోబర్ చెన్నై గాలి ఎట్టా ఉంటుందో చెప్పక్కర్లేదు, బట్టలే ఆరవు. చల్లటి చాంబర్‌లో గేజ్ ఐదు చూపిస్తుంది, హీటర్ వేసి ప్లాస్మా వెలిగించగానే ఆ స్పాంజి పిండినట్టు నీళ్ళు వదులుతుంది, అప్పుడు గేజ్ ఆర్గాన్ ప్రెషర్ చూపిస్తుంది కాబట్టి మనకి కనపడదు. ఇంకో లెక్క కూడా చూడండి. 1.3 × 10⁻⁶ మిల్లీబార్ దగ్గర సెకనుకి ఒక పొర మందం సరిపడా అణువులు వచ్చి గాజుని తాకుతాయి. 5 × 10⁻⁶ అంటే సెకనుకి నాలుగు పొరలు. మా ఫిల్మ్ పెరిగేది సెకనుకి అర నానోమీటర్, అంటే ఒకటి రెండు పొరలు. అన్నీ అంటుకోవు, అది వేరే సంగతి, కానీ ఫిల్మ్ కోసం వచ్చే అణువుల కన్నా నీళ్ళే ఎక్కువ గుద్దుతున్నాయి అనేది ఆ రోజు బోర్డు మీద రాసుకున్నాక మాకే భయమేసింది.

రుజువు కోసం ఖరీదైన గ్యాస్ ఎనలైజర్ కొనలేదు. స్పట్టరింగ్ ప్రెషర్‌లో అది పనిచెయ్యాలంటే దానికి వేరే పంపు కావాలి. చిన్న ఫైబర్ స్పెక్ట్రోమీటర్‌ని చాంబర్ కిటికీకి పెట్టి ప్లాస్మా వెలుగులో 656 నానోమీటర్ల హైడ్రోజన్ లైన్ చూశాం, పక్కనున్న ఆర్గాన్ లైన్‌తో భాగించి ఒక నిష్పత్తిగా రాసుకున్నాం. ప్లాస్మా వెలిగించిన రెండో నిమిషంలో ఆ నిష్పత్తి, సెప్టెంబర్ తరహాలో శుభ్రం చేసిన చాంబర్‌తో పోలిస్తే ఆరు రెట్లు. ఇంకేం కావాలి.

ఏం చేశామంటే, షీల్డులన్నీ తీసి బీడ్ బ్లాస్ట్ (చిన్న పూసలతో కొట్టి పెచ్చు రాల్చడం) చేయించి 200 డిగ్రీల్లో ఆరబెట్టి పెట్టాం, ఇప్పుడు పది రన్‌లకోసారి మారుస్తాం. వెంటింగ్ పొడి నైట్రోజన్‌తో. తలుపు తీసి ఉన్నంతసేపు చాంబర్ జాకెట్‌లో వేడినీళ్ళు తిరుగుతాయి, గోడ వెచ్చగా ఉంటే తేమ పట్టదు, కోటింగ్ అప్పుడు మళ్ళీ చల్లనీళ్ళు. తలుపు పదిహేను నిమిషాలకి మించి తెరిచి ఉండకూడదు. షట్టర్ మూసి ప్రీ-స్పట్టర్ చేస్తాం, అంటే గాజు మీద పడకుండా ముందు కాసేపు ప్లాస్మా నడుపుతాం, టైమ్ చూసి కాకుండా హైడ్రోజన్ లైన్ దిగిందాకా. ఆక్సిజన్ మళ్ళీ పాత 1.2కే. మొదటి రన్ 11.2, మూడోది 10.4.

చేతిలో మిగిలిన చెడ్డ ప్యానెళ్ళు 40. వాటిని పారేద్దామంటే ఇండియం ధర గుర్తొస్తుంది. మా పార్ట్‌నర్ తొందరపడి నాలుగింటిని మామూలు గాలి ఫర్నేస్‌లో 250 డిగ్రీల్లో గంట పెట్టేశాడు, క్రిస్టల్ అవుతుంది కదా అని. అయింది కూడా, మొబిలిటీ 29కి పెరిగింది, కానీ గాల్లో ఆక్సిజన్ లోపలికి దూరి ఎలక్ట్రాన్లని 5.0 × 10²⁰కి దించేసింది, ప్రోబ్ మీద 21.5! మళ్ళీ అదే పాఠం, అతుకు ఒకచోట వేస్తే చిరుగు ఇంకోచోట. మిగతా 36 వ్యాక్యూమ్ ఫర్నేస్‌లో అదే 250, అదే గంట పెట్టాం: ఎలక్ట్రాన్లు 8.4 × 10²⁰, మొబిలిటీ 34, రెసిస్టెన్స్ 10.9. 36 పాసయ్యాయి. ఆ నాలుగిటిని హైడ్రోజన్ 5 శాతం, నైట్రోజన్ 95 శాతం ఉండే ఫార్మింగ్ గ్యాస్‌లో పెడితే ఎలక్ట్రాన్లు తిరిగొస్తాయి, ఆ ఏర్పాటు మా దగ్గర లేదు, కాబట్టి అవి షెల్ఫ్ మీదే ఉన్నాయి.

ఒక కొసరు కూడా ఉంది. అంతా సర్దుకున్నాక ప్యానెల్ మొత్తం పాయింట్ పాయింట్‌గా మ్యాప్ తీస్తే రెండు పట్టీలు 12కి దగ్గరగా, మిగతా చోట 10 కనిపించింది. ఆ పట్టీలు సరిగ్గా టార్గెట్ మీద అరిగే ట్రాక్‌కి ఎదురుగా ఉన్నాయి. ఇది నీళ్ళ పని కాదు. టార్గెట్ దగ్గర పుట్టే నెగటివ్ ఆక్సిజన్ అయాన్లు క్యాథోడ్ వోల్టేజి మొత్తం మింగి వందల ఎలక్ట్రాన్ వోల్ట్ల శక్తితో ఎదురుగా ఉన్న ఫిల్మ్‌ని గుద్దుతాయి, గుద్దిన చోట డిఫెక్టులు మిగుల్తాయి. వోల్టేజి తగ్గిస్తే తగ్గుతుంది, బలమైన అయస్కాంతాలు పెట్టో, డీసీకి ఆర్ఎఫ్ కలిపో చేస్తారు, మా బడ్జెట్ దానికి ఒప్పుకోలేదు. ప్రెషర్ 3 × 10⁻³ నుంచి 5 × 10⁻³ మిల్లీబార్ చేశాం, దారిలో ఆర్గాన్‌కి తగిలి వాటి జోరు కొంత తగ్గుతుంది, ప్యానెల్‌ని అటూ ఇటూ ఊపుతున్నాం. పట్టీలు 11.1కి దిగాయి. ఈ పట్టీలు ముందునుంచీ ఉండే ఉంటాయి, మేం మధ్యలో ఐదు పాయింట్లే కొలిచేవాళ్ళం కాబట్టి కనపళ్ళేదు.

లాగ్‌బుక్‌లో ఇప్పుడు రెండు కాలమ్‌లు కొత్తగా చేరాయి, హైడ్రోజన్ లైన్ నిష్పత్తి, తలుపు తెరిచిన నిమిషాలు. పంప్ డౌన్ టైమ్ కాలమ్‌కి మా ఆపరేటర్ ఎర్ర పెన్నుతో చుట్టూ గీత గీశాడు, గంటన్నర దాటితే ఫోన్ నాకు వస్తుంది, అర్ధరాత్రయినా సరే. నవంబర్‌లో రెండుసార్లు వచ్చింది.